పొద్దున నందికొండ, మధ్యాహ్నం ద్రాక్షతోట: అనంతపురం నుంచి ఒక్కరోజు యాత్ర

చిక్కబళ్లాపురం దగ్గరి నందికొండ (నంది హిల్స్) మీద సూర్యోదయం, కొండ కింద భోగనందీశ్వరుడి గుడి, అక్కడికి దగ్గర్లో దొడ్డబళ్లాపురం వైపున్న గ్రోవర్ జంపా ద్రాక్షతోటలో వైన్ రుచి. ఈ మూడింటినీ కలిపి బెంగళూరు ట్రావెల్స్ వాళ్లు గైడుతో సహా ఒక్కరోజు ప్యాకేజీగా అమ్ముతారు. అనంతపురం, హిందూపురం, కదిరి వైపు నుంచి వెళ్లేవాళ్లు ఆ ప్యాకేజీ కోసం బెంగళూరు దాకా పోయి, మళ్లీ వెనక్కి కొండకు రావడం అనవసరం. కొండ మనకూ బెంగళూరుకూ మధ్యలోనే ఉంది. గైడు కావాల్సింది రెండు చోట్ల, గుడిలో ఒకరు, వైనరీలో ఒకరు. వైనరీలో గైడు టికెట్టుతోనే వస్తాడు. గుడి దగ్గర అడిగితే దొరుకుతారు. మిగతాదంతా బండి, టైము, వరుస.

వరుసే ముఖ్యం. ముందు కొండ, తర్వాత గుడి, చివర వైన్. కొన్ని ప్యాకేజీల్లో వైనరీని పొద్దున పదిన్నరకు పెట్టి, మధ్యాహ్నం గుడికి తీసుకెళ్తారు. అలాంటిది ఒప్పుకోవద్దు. వైన్ నోటితో గుడిలో అడుగుపెట్టడానికి మనవాళ్లలో చాలామందికి మనసొప్పదు. బలవంతంగా వచ్చినవాళ్లు బయట అరుగు మీదే కూర్చుండిపోతారు. పైగా పన్నెండు దాటాక గుడి బండల మీద ఒట్టికాళ్లతో నడవలేం. బుక్ చేసే ముందే "మొదట ఏది, చివర ఏది" అని అడిగి రాయించుకోండి.

దారి రెండు రకాలు. అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి మీదుగా చిక్కబళ్లాపురం సుమారు 155 కి.మీ. అక్కడి నుంచి కొండ పైదాకా మరో ఇరవై. ఆగకుండా పోతే మూడు గంటల పైన పడుతుంది. హిందూపురం నుంచైతే గౌరిబిదనూరు మీదుగా రెండు గంటల లోపు. సూర్యోదయం చూడాలంటే అనంతపురంలో రాత్రి రెండున్నరకే బయల్దేరాలి. అక్కడే చిక్కు. రెండున్నరకు లేచిన డ్రైవరు మళ్లీ రాత్రి తొమ్మిది దాకా బండి నడపాలి. సాయంత్రం నాలుగు తర్వాత అతని కళ్లు మూతలు పడతాయి. ముందురోజు రాత్రి హిందూపురంలో గానీ, లేపాక్షిలో పర్యాటక శాఖ వారి హరిత హోటల్లో గానీ పడుకుంటే ఆ గండం ఉండదు. లేపాక్షిలో దిగితే ముందురోజు సాయంత్రం బసవన్నను, వీరభద్రుడి గుడిని తీరిగ్గా చూడొచ్చు. అదే లేపాక్షిని ఈ యాత్ర రోజునే ఇరికించాలని చూస్తే ఏదీ సరిగ్గా చూడలేరు. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి ఫోటో తీసుకుని పరుగెత్తడమే అవుతుంది, పైకప్పు మీది బొమ్మలకు తలెత్తే వ్యవధి ఉండదు.

ఇంకొక మార్గం, కొండ మీదే కర్ణాటక పర్యాటక సంస్థ వారి మయూర పైన్‌టాప్‌లో రాత్రి ఉండడం. శని ఆదివారాల్లో తెల్లవారుజామున కింద గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి. ఆ బారులో ఉండగానే సూర్యుడు వచ్చేస్తాడు. పైన పడుకున్నవాడికి ఆ బాధ లేదు, గది తలుపు తీసి నడిస్తే చాలు. సెలవు రోజులకు మాత్రం చాలా ముందే బుక్ చేసుకోవాలి. వీలైతే ఈ యాత్ర మంగళ, బుధ, గురువారాల్లో పెట్టుకోండి. వారాంతంలో వాహనాలకు పరిమితి పెడుతుంటారు కాబట్టి, ముందుగా ఆన్‌లైన్‌లో ప్రవేశం చూసుకోకుండా పోవద్దు.

బండి మాట్లాడుకునేటప్పుడు పసుపు నంబరు ప్లేటు ఉందా, ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని రెండూ అడగాలి. పర్మిట్ లేని బండి కర్ణాటకలోకి పోవాలంటే ఆ రాష్ట్రం పన్ను కట్టాలి. ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలన్న గొడవ తెల్లవారుజామున, చలిలో, రోడ్డు పక్కన మొదలవుతుంది. తెల్ల ప్లేటు కారు అద్దెకు తీసుకుంటే పట్టుబడినప్పుడు బండి ఆగిపోతుంది, యాత్ర అక్కడితో సరి. టోలు, పార్కింగు, డ్రైవరు బత్తా కలిపారా లేదా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

కొండ ఎత్తు 1,478 మీటర్లు. అనంతపురంలో చలికాలమంటే పల్చటి దుప్పటి. అదే లెక్కతో ఇక్కడికి వస్తే డిసెంబరు తెల్లవారుజామున పళ్లు కటకటలాడతాయి, గాలి వల్ల చలి రెట్టింపు తెలుస్తుంది. స్వెటరు, చెవులకు గుడ్డ తప్పనిసరి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కింద లోయంతా మబ్బు పరుచుకుని, మనం దానిపైన నిలబడినట్టు ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో ఆ మబ్బు ఉండదు, ఎండ త్వరగా ఎక్కుతుంది. వానాకాలంలో పొగమంచు మనల్నే కప్పేస్తుంది, పక్కనున్న మనిషి కనబడడు. మలుపుల్లో మంచు పట్టినప్పుడు హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి డ్రైవరు కళ్లలోనే కొడుతుంది. లోబీమ్‌తో, హారన్ కొడుతూ, నెమ్మదిగా ఎక్కాలి. దిగేటప్పుడు రెండో గేరులో దిగాలి. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు తొక్కుతూ వచ్చే డ్రైవర్లు ఉంటారు. సగం దూరం వచ్చేసరికి బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆపైన పట్టు తగ్గుతుంది. ఆ వాసన వస్తే బండి పక్కకు తీయించి పావుగంట చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్లు మాత్రం పోయొద్దు.

పైన టిప్పూ డ్రాప్ అనే కొండ అంచు దగ్గర ఎక్కువమంది గుమిగూడతారు. కొండ మీదున్న టిప్పూ కాలపు కోటను 1791లో ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సైన్యం పట్టుకుంది. గాంధీజీ 1927లో ఆరోగ్యం కుదుటపడేందుకు ఇక్కడే విశ్రాంతి తీసుకున్నారు. కొండ మీద కోతులు చేతిలో కవరు కనబడితే చాలు, మీద పడతాయి. చిత్రాన్నం, బిస్కెట్లు కట్టుకొస్తే కారులోనే తినేసి, అద్దాలు మూసి వెళ్లండి.

ఎక్కువమంది వదిలేసి పోయేది పైనున్న యోగనందీశ్వరుడి గుడి. ఈ యాత్ర అర్థమంతా అక్కడే ఉంది. కింద గుడిలో అరుణాచలేశ్వరుడు బాలుడు, ఉమామహేశ్వరుడు పెళ్లికొడుకు, భోగనందీశ్వరుడు సంసారి అని భక్తుల నమ్మకం. అన్నీ విడిచి కొండెక్కి కూర్చున్నవాడు యోగనందీశ్వరుడు. అందుకే పైన ఉత్సవాల సందడి ఉండదు, కొత్త దంపతులు దండం పెట్టుకునేది కిందే. సన్యాసుల కొండ అన్న ప్రశాంతత కావాలంటే వ్యూ పాయింటు దగ్గర దొరకదు, ఈ గుడి మెట్ల మీద పది నిమిషాలు కూర్చోవాలి. ఏడున్నర దాటితే అక్కడా జనమే.

ఎనిమిదిన్నరకల్లా దిగడం మొదలుపెట్టి, కింద నంది గ్రామంలోనో చిక్కబళ్లాపురంలోనో టిఫిన్ కానివ్వండి. ఉగ్గాని బజ్జీ దొరక్కపోయినా ఇడ్లీ, దోసె వేడిగా దొరుకుతాయి. భాష గురించి దిగులక్కర్లేదు. బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురం దాకా అంగళ్లలో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది.

భోగనందీశ్వరుడి గుడికి గంటన్నర పెట్టుకోండి. అంతకు తక్కువైతే రాకపోయినా ఒకటే. ఈ గుడి గురించి దొరికే తొలి ఆధారాల్లో క్రీ.శ. 806 నాటి, నొళంబ వంశపు నొళంబాధిరాజు శాసనం ఒకటి. ఆ నొళంబుల రాజధాని మన హేమావతి, మడకశిర పక్కన అమరాపురం మండలంలోది. హేమావతి శిల్పాలు చూసినవాళ్లు ఇక్కడి రాతి కిటికీల పనిని చూస్తే చుట్టరికం వెంటనే పోల్చుకుంటారు. ఆ తర్వాత బాణులు, చోళులు, హొయసళులు, విజయనగర రాజులు తలా ఒక పని చేర్చుకుంటూ పోయారు. గైడు ఇక్కడే పనికొస్తాడు. ఏ భాగం ఎవరి కాలానిదో చూపించగలిగినవాడైతే అతనికి డబ్బు ఇవ్వొచ్చు. "కోరికలు తీరుతాయి, ఇక్కడ చెయ్యి పెట్టండి" అని మొదలుపెడితే మర్యాదగా వద్దని మీరే తిరగండి.

రెండు పెద్ద గుళ్ల మధ్య ఇరుకులో ఉమామహేశ్వరుడి కల్యాణ మంటపం ఉంది. నల్లరాతి స్తంభాలు, మనిషికి అందే ఎత్తు. శివపార్వతులు, బ్రహ్మ సరస్వతులు, లక్ష్మీనారాయణులు, అగ్ని స్వాహాదేవి, పెళ్లికి వచ్చిన జంటల్లా ఒక్కో వైపు నిలబడి ఉంటారు. వాళ్ల చుట్టూ తీగలు, తీగల్లో పక్షులు. చాలామంది ఎదురుగా నిలబడి చూసి పోతారు. పక్కకు జరిగి, వెలుతురు అడ్డంగా పడే చోట మోకాళ్ల మీద కూర్చుంటే తీగ రాతి నుంచి వేలెడు పైకి లేచినట్టు కనిపిస్తుంది. పొద్దున తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య ఆ వెలుతురు బాగుంటుంది. వేలితో తడమొద్దు, చేతి జిడ్డుకు నల్లరాయి మచ్చపడుతుంది. మంటపం దాటి కోనేటికి, శృంగితీర్థానికి వెళ్లండి. మెట్ల అంచుల్లో పాచి ఉంటుంది, పెద్దవాళ్లను పై మెట్టు దగ్గరే ఆపేయండి.

మన పెన్న పుట్టేది ఈ నందికొండల వరసలోనే. ఇక్కడ మొదలై గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా ఉత్తరానికి పోయి, గండికోట దగ్గర కొండను చీల్చుకుని, కడప, నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. పిల్లలు వెంట ఉంటే ఈ ఒక్క సంగతి ఇక్కడ నిలబడి చెప్పండి.

పదకొండు దాటాక ముద్దేనహళ్లి పక్కనే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు, సమాధి కూడా అక్కడే. వాళ్ల పూర్వీకుల మోక్షగుండం గిద్దలూరు వైపుది, ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. ముక్కాల్గంట చాలు. ఈశా వారి 112 అడుగుల ఆదియోగి విగ్రహం కూడా చిక్కబళ్లాపురం దగ్గరే ఉంది గానీ, దానికోసం ఇంకో రోజు రండి. సాయంత్రం ఆ రోడ్డు మీద వాహనాలు కదలవు.

మధ్యాహ్నం భోజనం వైన్‌కు గంట ముందే పూర్తవ్వాలి, కారం తక్కువ ఉండాలి. ఇది చాదస్తం కాదు. మిరపకాయ మంట నాలుక మీద ఉండగా వైన్ తాగితే ఆల్కహాలు ఆ మంటను పెంచుతుంది, రెడ్ వైన్ చేదుగా తోస్తుంది. పప్పు, అన్నం, పెరుగు తిని వెళ్లండి, ఊరగాయ ముట్టుకోవద్దు. ఆకువక్క, కిళ్లీ, పుదీనా బిళ్లలు కూడా వద్దు. గాఢమైన సెంటు, మల్లెపూలు పెట్టుకుంటే మీకే కాదు, పక్కవాళ్లకూ వైన్ వాసన తెలియదు.

గ్రోవర్ వాళ్ల తోట దొడ్డబళ్లాపురం నుంచి దేవనహళ్లి పోయే దారిలో, రఘునాథపురం దగ్గర. కన్వల్ గ్రోవర్ 1988లో మొదలుపెట్టారు. 1990ల మధ్య నుంచి చాలాకాలం ఫ్రెంచి వైన్ నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాదారుగా ఉన్నారు. 2012లో నాసిక్ వైపు కంపెనీతో కలిసి గ్రోవర్ జంపా అయింది. టూర్ స్లాట్ల ప్రకారం నడుస్తుంది, ముందే ఫోన్ చేసి మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే స్లాటు తీసుకోండి. మొత్తం గంటన్నర. అక్టోబరు 2న, పోలింగుకు ముందు 48 గంటలు రుచి చూడడం ఉండదు. 21 ఏళ్లు నిండనివాళ్లకు గ్లాసు ఇవ్వరు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. మాల వేసుకున్నవాళ్లు, శనివారం నియమం ఉన్నవాళ్లు గుంపులో ఉంటే తోట, ఫ్యాక్టరీ చూడ్డానికి మాత్రమే టికెట్ ఉందేమో కనుక్కోండి. తాగకపోయినా చూడాల్సింది చాలా ఉంది.

తోట రైతు కళ్లతో చూస్తే ఈ టూర్ ఇంకా రుచిస్తుంది. మన వైపు పండించే థాంప్సన్ సీడ్‌లెస్, దిల్‌ఖుష్ తినే ద్రాక్షలు, పెద్దవి, పల్చటి తోలు. వైన్ ద్రాక్ష చిన్నది, తోలు మందం, లోపల గింజలు. రంగూ వగరూ ఆ తోలులోనే ఉంటాయి. చక్కెర 22 నుంచి 24 బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం కొలత) దాకా ఎక్కాక కోస్తారు. చలిదేశాల్లో తీగ చలికి నిద్రపోతుంది. ఇక్కడ నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఎండాకాలం కత్తిరింపు కొమ్మ కోసం, సెప్టెంబరు అక్టోబరు కత్తిరింపు కాయ కోసం. నీళ్లు కూడా కొలిచి ఇస్తారు. చీనీ తోటను బెట్టకు పెట్టి పూత తెప్పించే రైతుకు ఈ మాట వెంటనే ఎక్కుతుంది. పగటి ఎండ, రాత్రి చల్లదనం మధ్య తేడా వల్ల కాయలో పులుపు నిలబడుతుంది, ఈ ఎత్తుకు వచ్చి తోట వేసింది అందుకే. కాయ, కోత, గానుగ అన్నీ చూడాలంటే జనవరి చివర నుంచి మార్చి లోపు రండి. జూలైలో వస్తే ఆకులే. కొండ మీద మబ్బు, తోటలో కాయ రెండూ దొరికేది జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో.

లోపల మొదట కాడలు తీసి కాయను చిదిపే యంత్రం చూపిస్తారు. వైట్ వైన్‌కు రసం పిండి తోలు తీసేసి, స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియబెడతారు. రెడ్‌కు తోలుతోనే, కాస్త వెచ్చగా. తోలు పైకి తేలి గట్టి తెట్టులా కడుతుంది. అడుగునున్న రసాన్ని తోడి రోజూ దాని మీద పోయకపోతే ఆ తెట్టు ఎండి పాడై, వైన్ వెనిగర్ దారి పడుతుంది. ఓక్ పీపాలున్న సెల్లార్ చల్లగా ఉంటుంది. ఫ్యాక్టరీ నేల తడిగా ఉంటుంది కాబట్టి జారే చెప్పులు వద్దు. పీపాకు పట్టేది 225 లీటర్లు, అంటే మూడు వందల సీసాలు. గైడును అడగాల్సిన ప్రశ్న: "ఇది పీపాలో ఎన్ని నెలలుంది?" దీనికి సూటిగా జవాబిచ్చే గైడు మిగతావీ బాగా చెబుతాడు.

రుచి చూపించేటప్పుడు వరుస తేలిక నుంచి బరువుకు పోతుంది. ముందు వైట్, చివర పీపాలో ఊరిన రెడ్. గ్లాసు కాడ పట్టుకోవాలి, బొజ్జ పట్టుకుంటే చేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది. తెల్ల కాగితం మీద వంచి అంచు రంగు చూడండి. ఊదా అంచైతే లేతది, ఇటుక రంగైతే ముదిరింది. తిప్పి, ముక్కు లోపల పెట్టి పీల్చి, అప్పుడు ఒక గుక్క. సోవిన్యాన్ బ్లాంక్ అనే వైట్‌లో పచ్చిగడ్డి, దోరజామ వాసన. వియోన్యే అనే ఇంకో వైట్‌లో పూలవాసన. షిరాజ్ అనే రెడ్‌లో నేరేడు, మిరియం. రెడ్‌లో చిగుళ్లను పట్టే గుణాన్ని గైడు టానిన్ అంటాడు. మన మాటలో వగరు, నేరేడుపళ్లు గుప్పెడు తిన్నాక నాలుక పిడచగట్టేది అదే. వగరు కాసేపటికి విడిచిపోయి పండు రుచి మిగిలితే మంచి వైన్. వగరే మిగిలితే ఇంకా ముదరాలి.

తడి గోనెసంచి వాసన వస్తే బిరడా చెడ్డది. కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే సీసా తెరిచి చాలాసేపైనట్టు. రెండింటిలో ఏది వచ్చినా మొహమాటపడకుండా కొత్త సీసా అడగండి. జనం తక్కువున్న రోజుల్లో నిన్న తెరిచినవే పోసే అవకాశం ఉంటుంది. ప్రతి గ్లాసూ ఖాళీ చేయక్కర్లేదు, ఉమ్మడానికి, పారబోయడానికి పాత్ర అక్కడే ఉంటుంది.

ఆ పాత్ర ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. గ్లాసుకు 40 మి.లీ. చొప్పున ఐదు రకాలంటే 200 మి.లీ. 13 శాతం బలమంటే లోపలికి పోయే ఆల్కహాలు సుమారు 20 గ్రాములు. 60 కిలోల మగమనిషి దీన్ని ఖాళీ కడుపున తాగితే 100 మి.లీ. రక్తంలో 50 మిల్లీగ్రాముల దాకా చేరొచ్చు. చట్టం ఒప్పుకునేది 30. ఆడవాళ్లకు ఇంకా త్వరగా ఎక్కుతుంది. గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పునే దిగుతుంది, కాఫీ తాగినా తొందరగా దిగదు. కాబట్టి స్టీరింగ్ పట్టేవాడు ఒక్క గుక్క కూడా వేయకూడదు. డ్రైవరుకు "ఒక్కటి రుచి చూడన్నా" అని మర్యాద చేసేవాళ్లుంటారు, వాళ్లను ఆపండి. మెట్రోనిడజోల్ మాత్రలు వాడుతున్నవాళ్లు అసలు ముట్టుకోవద్దు, వాంతులు, గుండెదడ రావచ్చు. షుగరు మందు వేసుకునేవాళ్లు తిండి తినకుండా తాగొద్దు.

బయటికి వచ్చేచోట అంగట్లో సీసాలు కొనమంటారు. బెంగళూరు వాళ్లకు బాగుంటుంది, మనకు కాదు. పర్మిట్ లేకుండా పక్క రాష్ట్రం మద్యం ఆంధ్రలోకి తేవడం నేరం, సీలు తీయని సీసా అయినా, బిల్లు ఉన్నా సరే. కొడికొండలోనే కాదు, గౌరిబిదనూరు దాటి హిందూపురం వచ్చే దారిలోనూ తనిఖీ ఉంటుంది. సీసాతో పాటు బండీ పోతుంది. టూరిస్టు బండి డ్రైవరుకు అది నెలల తరబడి కోర్టు చుట్టూ తిరగడం. డిక్కీలో ఎవరైనా దాచారేమో బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

నాలుగుకల్లా టూరు అయిపోతే అరగంట నీడన కూర్చుని, మనిషికి అర లీటరు నీళ్లు తాగి, దొడ్డబళ్లాపురం మీదుగా గౌరిబిదనూరు రోడ్డు పట్టండి. దేవనహళ్లి వైపు హైవే ఎక్కితే ఎయిర్‌పోర్టు రద్దీలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఈ దారిలో ఆరున్నర ప్రాంతంలో హిందూపురం చేరతారు. అక్కడ డ్రైవరుకు టీ, టిఫిన్ పెట్టించి పావుగంట ఆగితే, అనంతపురానికి రాత్రి తొమ్మిదికి కాస్త అటూ ఇటూగా.